పెంటపోగులో దొరికిన కొమ్ము పురుగులన్నీ ఒకటేనా? జీనస్ ఎలా గుర్తుపట్టాలి

మట్టలకింద_మనిషి (ప్రశ్న)

అందరికీ నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర, ఎకరంన్నర కొబ్బరి. నేను హైదరాబాద్‌లో జాబు, వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంటికొచ్చి మూడు నెలలైంది. కొత్తగా వేసిన మొక్కల్లో నాలుగింటికి మొవ్వు ఆకు విచ్చుకున్నాక చూస్తే ఎవరో కత్తెర పెట్టి విసనకర్రలా కత్తిరించినట్టు ఉంది, నాన్న ఒక్క చూపు చూసి కొమ్ము పురుగురా అని తేల్చేసి మర్నాడే పశువుల పాక వెనక పెంటపోగు తిరగేయించారు. తెల్ల పురుగులు బోలెడు, నల్ల పెంకు పురుగులు ఓ పాతిక దొరికాయి, అన్నిటినీ కిరసనాయిలు కలిపిన బకెట్లో వేశాం.

ఇక్కడే నాకో డౌటు వచ్చింది. ఏరుతుంటే అన్నీ ఒకేలా అనిపించలేదు. ఒక రకం నాలుగున్నర సెంటీమీటర్లు, కాస్త పొడుగ్గా, ముక్కు మీద వెనక్కి వంగిన కొమ్ము (ఫొటో 1). ఇంకో రకం మూడు సెంటీమీటర్లు, బన్ను ముక్కలా గుండ్రంగా, దీనికీ పొట్టి కొమ్ముంది, తల ముందంతా పార లాగా వెడల్పు (ఫొటో 2). మూడోది సెంటీమీటరు కూడా లేదు, కొన్నిటికి బుల్లి కొమ్ములు, కొన్నిటికి ఏమీ లేవు (ఫొటో 3). నాన్నని అడిగితే "కొమ్ముంటే కొమ్ము పురుగే, చిన్నవి దాని పిల్లలు" అన్నారు. ఫొటో పెడితే పేరు చెప్పే యాప్ ఒకటి వాడితే మూడిటికీ ఖడ్గమృగం పురుగు అనే వచ్చింది, ఒకసారైతే ఆఫ్రికాలో ఉండేదేదో చూపించింది.

నేను బయాలజీ చివరిసారి చదివింది టెన్త్‌లో. జాతి వరకూ వద్దు, కనీసం జీనస్ (దగ్గరి జాతుల్ని కలిపే గుంపు పేరు) తెలియాలంటే ఒంటి మీద ఏ పార్టు చూడాలో ఎవరైనా మామూలు భాషలో చెప్తారా? పేడ తినే మంచి పురుగుల్ని కూడా చంపేస్తున్నామేమో అని ఒకటే పీకుతోంది.

ఉద్దానం_రైతు

బావూ, మా సైడు ఈ పురుగు బాధ బాగా తెలుసు. 2018లో తిత్లీ తుపానుకి చెట్లు పడిపోయినాక ఆ మొద్దులు ఎక్కడివక్కడే కుళ్ళిపోయినాయి, వాటిల్లో ఇది పెరిగి మిగిలిన చెట్ల మీద పడింది. మేం ఇనప చువ్వకి కొక్కెం వంచి మొవ్వులో బొరియలోంచి లాగుతాం. గుర్తంటావా, చేత్తో పట్టుకుంటే కీచుకీచుమని సౌండ్ చేస్తాది, అది చేసిందంటే కొమ్ము పురుగే. ఇంతకన్నా పెద్ద సైన్స్ అక్కర్లేదు.

పెంకుపురుగుల_పంతులు

ఉద్దానం వారికి నమస్కారం, మొద్దుల సంగతి అక్షరాలా నిజం, కుళ్ళిన కొబ్బరి మొద్దుని మించిన పుట్టిల్లు దానికి లేదు. సౌండ్ గుర్తు మాత్రం పనికిరాదండి. కొమ్ము పురుగు పొట్ట చివరి భాగాన్ని రెక్కల డిప్పలకేసి రుద్ది కీచుమంటుంది, నిజమే, కానీ పేడ పురుగుల్లో కోప్రిస్ లాంటివీ అలాగే అరుస్తాయి. అరుపుని బట్టి ఉరేస్తే అమాయకులు పోతారు.

తమ్ముడూ, నీ ప్రశ్నకొస్తా. నేను జువాలజీ చెప్పి రిటైర్ అయ్యా, ఏటా ప్రాక్టికల్స్‌లో పిల్లలు చేసే మొదటి తప్పు మీ నాన్నగారిదే, కొమ్ము చూసి పేరు పెట్టేయడం. కొమ్ము అనేది మగవాటి దెబ్బలాటల కోసం వచ్చిన సామాను, సంబంధం లేని గుంపుల్లో విడివిడిగా వచ్చింది. పైగా ఒకే జాతిలో బాగా తిన్న గ్రబ్బు (నువ్వు చూసిన తెల్ల పురుగు దశ) నుంచి వచ్చిన మగదానికి పొడుగు కొమ్ము, తిండి చాలని దానికి మొటిమంత. కాబట్టి కొమ్ముని కాసేపు మర్చిపో.

ఇంకోటి, చిన్నవి పెద్దవాటి పిల్లలు కావు. పెంకు పురుగు రెక్కలొచ్చి బయటకొచ్చాక ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. ఎదుగుదలంతా తెల్ల గ్రబ్బుగా ఉన్నప్పుడే. కోడిపిల్ల పెరిగి కోడి అయినట్టు ఇక్కడ జరగదు. సెంటీమీటరు పురుగు చచ్చేదాకా సెంటీమీటరే.

ఇప్పుడు బకెట్లోంచి ఒక్కోటి తీసి కడిగి తుడిచి, బంగారం పని వాళ్ళు వాడే పది రెట్ల లెన్స్ ఉంటే అది పట్టుకుని కూర్చో. మొదట మీసాలు చూడు. మీసం చివర మూడు రేకులు పుస్తకం పేజీల్లా దొంతరగా ఉండి, విప్పితే విసనకర్రలా విచ్చుకుంటే అది స్కారాబ్ కుటుంబం. నీ మూడు ఫొటోలూ ఇదే కుటుంబం, అందుకే యాప్ తికమక పడింది. ఇక్కడిదాకా పైపైన చాలు.

అసలు తేడా నోటి దగ్గరుంది. తల ముందు అంచుని క్లైపియస్ అంటారు. పేడ పురుగుల్లో ఇది పార రేకులా వెడల్పయి నోటి భాగాలన్నిటినీ పైనుంచి కప్పేస్తుంది, పైనుంచి చూస్తే దవడలు కనపడవు. దాని దవడలు కూడా మెత్తటి పొరల్లాంటివి, తినేది పేడ కాబట్టి కొరికే పనేం ఉంది. అదే మీ కొబ్బరి శత్రువుకి గట్టి దవడలు, తల పక్కన బయటకే కనిపిస్తాయి, ఇంకా విచ్చుకోని మొవ్వుని నమిలేసేది వాటితోనే. దాని క్లైపియస్ వెడల్పుగా ఉండదు, ముందు కొస రెండుగా చీలి ఉంటుంది. నీ ఫొటో 1 పెద్దది చేసి చూశా, చీలిక స్పష్టంగా కనపడింది.

రెండోది వీపు మీద. రెండు రెక్క డిప్పలు మెడ డిప్పని కలిసే చోట నడిమధ్యన చిన్న త్రికోణం ఉందా చూడు, దాన్ని స్కుటెల్లం అంటారు. కొమ్ము పురుగుకి కొట్టొచ్చినట్టు ఉంటుంది. పెద్ద పేడ పురుగుల్లో, అంటే కథార్సియస్, కోప్రిస్, హీలియోకోప్రిస్ వీటిల్లో అది బయటకు కనపడదు, డిప్పలు రెండూ నేరుగా మెడని తాకుతాయి. ఈ ఒక్క గుర్తుతో తొంభై పాళ్ళు పని అయిపోతుంది, లెన్స్ కూడా అక్కర్లేదు.

మూడోదానికి పురుగుని వెల్లకిలా తిప్పాలి. వెనక కాలు మోకాలి కింద భాగం చివర ముల్లు లాంటివి ఉంటాయి, పాదం పక్కనే, కాస్త కదులుతాయి కూడా. కొమ్ము పురుగుల గుంపుకి రెండు, పేడ పురుగులకి ఒకటే. అలాగే మధ్య కాళ్ళు ఒంటికి అతికిన చోటు చూడు, పేడ పురుగులో ఆ రెంటికీ మధ్య ఎడం చాలా ఉంటుంది, గుమ్మానికి రెండు పక్కలా నిలబడినట్టు. కొమ్ము పురుగులో దాదాపు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి.

ఇవన్నీ చూసి చెప్తున్నా, ఫొటో 1 ఓరిక్టిస్ జీనస్సే, అనుమానం లేదు. మెడ డిప్ప ముందు భాగంలో గుంట, గుంట వెనక అంచు మీద రెండు బుడిపెలు, అంతా సరిపోయింది. లిన్నేయస్ 1758లో దీనికి స్కారాబియస్ రైనోసెరస్ అని పేరు పెట్టాడు, అప్పట్లో ఈ ఆకారం ఉన్న ప్రతిదాన్నీ స్కారాబియస్ అనే ఒకే గంపలో వేసేవాళ్ళు, అంటే మీ నాన్నగారి పద్ధతే. తర్వాత అవయవాలు పట్టి చూసి విడదీశారు. ఓరిక్టిస్ అంటే గ్రీకులో తవ్వేది అని, మొవ్వులోకి బొరియ తవ్వడం చూసినవాడికి ఆ పేరు మర్చిపోవడం కష్టం.

ఫొటో 2 ఖాయంగా పేడ పురుగు, కథార్సియస్ అనిపిస్తోంది, ఆ పేరుకి అర్థం శుద్ధి చేసేది అని. కోప్రిస్ కాదు అని గట్టిగా చెప్పాలంటే మాత్రం కింద నుంచి తీసిన ఫొటో కావాలి. మన దగ్గర కోప్రిస్‌లు సాధారణంగా దీనికంటే చిన్నవి, అయినా సైజు మీద ఒట్టేయకూడదు. ఫొటో 3 ఓంథోఫేగస్ కావచ్చు, రెండు వేలకు పైగా జాతులున్న జీనస్ అది, అంతకు మించి అడక్కు నన్ను.

ఒక ప్రశ్న నీకు. ఫొటో 2, 3 రకాలు పోగు అంచున కొత్త పేడ దగ్గరా, ఫొటో 1 లోపల బాగా మాగిన ఎరువులోనూ దొరికాయా?

గోధూళి

పంతులుగారూ సూపర్. ఒక చిన్న సవరణ లాంటిది. స్కుటెల్లం కనపడితే పేడ పురుగు కాదు అని కొత్తవాళ్ళు బట్టీ పట్టేస్తారేమో, ఓనిటిస్‌కి చిన్నగా కనపడుతుంది, అఫోడియస్ లాంటి బుల్లి పేడ పురుగులకైతే శుభ్రంగా కనపడుతుంది, వాటికి వెనక కాలి ముళ్ళు కూడా రెండే. అవి సెంటీమీటరు లోపే కాబట్టి కొమ్ము పురుగుతో ఎవరూ పొరబడరు గానీ ఈ పోస్టు ఫొటో 3 లాంటి వాటి విషయంలో గుర్తుంచుకోవాలి. ఒక్క గుర్తు మీద తీర్పు ఇవ్వకుండా మూడు నాలుగు కలిపి చూడాలి.

కాళ్ళ గురించి నాకు జరిగింది చెప్తా. మొదట్లో ఒక ఉండలు దొర్లించే పురుగు దొరికితే ముందు కాళ్ళకి పాదాలు లేవు, నేను విరిగిపోయాయి అనుకుని పారేసి ఇంకోటి వెతుక్కున్నా, దానికీ లేవు, మూడోదానికీ లేవు!! తర్వాత తెలిసింది స్కారాబియస్ జీనస్‌కి ముందు పాదాలు పుట్టుకతోనే ఉండవని, అదే దాని గుర్తు. మనం లోపం అనుకున్నదే ఐడీ. ఇంకో ఉండల పురుగు జిమ్నోప్లూరస్, దానికి రెక్క డిప్ప పక్క అంచున భుజం వెనకాల ఎవరో కొరికినట్టు నొక్కు ఉంటుంది, పక్కనుంచి చూస్తే చాలు జీనస్ వచ్చేస్తుంది.

చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచిన బంగారు పురుగు గుర్తుందా ఎవరికైనా, ఆకుపచ్చగా మెరిసేది, స్టెర్నోసెరా. ఆ పేరుకి అర్థమే రొమ్ము కొమ్ము. వెల్లకిలా తిప్పితే కాళ్ళ మధ్య నుంచి ముందుకి పొడుచుకొచ్చిన ముల్లు కనపడుతుంది. వందసార్లు ఆడుకున్నా ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు మనం.

తొలకరి

ఆరుద్ర పురుగు ఏ జీనస్ అండి అయితే? ఎర్రగా మఖమల్‌లా ఉండేది

గోధూళి

అది పెంకు పురుగే కాదండి, అసలు కీటకమే కాదు. కాళ్ళు లెక్కపెట్టండి ఎనిమిది వస్తాయి, నల్లి జాతి (మంచంలో నల్లి కాదు, మైట్ అంటారే అది). రెక్కల డిప్పలు ఎక్కడున్నాయి దానికి?

తొలకరి

అయ్యో ఇన్నాళ్ళూ 😅

హొనొలులు_తెలుగోడు

ఇక్కడ కూడా ఈ ఓరిక్టిస్ గొడవే నడుస్తోంది కాబట్టి రాస్తున్నా. గువామ్‌లో 2007లో బయటపడింది, హవాయిలో మా ఓహు దీవిలో 2013 డిసెంబర్‌లో, మన వైపు నుంచి ఫిలిప్పీన్స్ దాకా ఎప్పట్నుంచో ఉన్న పురుగు ఇక్కడికి కొత్తగా వచ్చిపడింది. మన ఊళ్ళో చిన్నప్పుడు కాలితో తన్నిన పురుగు కోసం ఇక్కడ చెట్టు చెట్టుకీ ట్రాప్ కట్టారంటే మొదట నవ్వొచ్చింది, తర్వాత రోడ్డు పక్కన మొండి చెట్లు చూశాక నవ్వు పోయింది.

నేను చెప్పొచ్చేది ఆ తెల్ల పురుగుల గురించి, అందరూ పెద్దవాటి మీదే పడ్డారు. ఎరువులో దొరికే ప్రతి తెల్ల గ్రబ్బూ కొమ్ము పురుగుది కాదు. పువ్వుల మీద వాలే ప్రొటీషియా అనే పెంకు పురుగు గ్రబ్బులు కూడా కంపోస్టులోనే పెరుగుతాయి, చూడ్డానికి అచ్చం అలాగే సి అక్షరంలా ముడుచుకుని ఉంటాయి. దానికి ఇక్కడ నేర్పిన టెస్టు ఒకటుంది, లెన్స్ వద్దు ఏమొద్దు. గ్రబ్బుని గచ్చు మీద వదిలేయండి. వెల్లకిలా పడుకుని కాళ్ళు ఆకాశానికి పెట్టి వీపుతో పాక్కుంటూ పోతే అది ప్రొటీషియా గుంపు. ఓరిక్టిస్ అలా పోలేదు, పక్కకి పడి కాళ్ళతో కొట్టుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు మా పాప పది నిమిషాలు కదల్లేదు అక్కణ్ణుంచి.

అసలు కాళ్ళే లేని గ్రబ్బు చెట్టు మాను లోపల దొరికితే అది వేరే కథ, ఎర్రముక్కు పురుగు. దాని జీనస్ రింకోఫోరస్, పెద్దదానికి ఏనుగు తొండంలా పొడుగు మూతి ఉంటుంది కాబట్టి కన్‌ఫ్యూజన్ లేదు. తొండం మీద బ్రష్షులా వెంట్రుకలుంటే మగది, నున్నగా ఉంటే ఆడది.

మట్టలకింద_మనిషి

అమ్మో ఇంత రాస్తారనుకోలేదండి, అందరికీ థాంక్స్. పంతులుగారు అడిగింది కరెక్టు, పాలేరుని అడిగా, గుండ్రటివి పాక వైపు అంచున రోజూ వేసే పచ్చి పేడ కింద మట్టిలో బొరియల్లో ఉన్నాయంట, పొడుగువి నడుమ నల్లగా మాగిన దాంట్లో ఉన్నాయంట. నేను అన్నీ ఒకే బకెట్లో వేసేసరికి ఆ తేడా పోయింది.

నిన్న రాత్రి బకెట్ వంచి పాత పేపర్ మీద వరసగా పేర్చా. చూడగలిగేలా ఉన్నవి 23. త్రికోణం ఉన్నవి ఒక పక్క లేనివి ఒక పక్క పెట్టా, 14, 9 వచ్చాయి. తర్వాత తిప్పి వెనక కాలి ముల్లు లెక్కపెట్టా, త్రికోణం ఉన్న 14లో 13కి రెండు ముళ్ళు, ఒక్కదానికి మాత్రం ఒకటే కనపడింది. అదెలా? అలాగే ఆ పద్నాలుగులో ఐదింటికి కొమ్ము చాలా చిన్నది, పొట్ట చివర ఎర్రటి వెంట్రుకలు కుచ్చులా ఉన్నాయి, ఇది వేరే జీనస్సా?

ఇంకో రెండు పురుగులు రాత్రి లైట్ దగ్గరికి వచ్చాయి, రెండు సెంటీమీటర్లు, గోధుమ రంగు, ఒకదానికి కొమ్ముంది. ఫొటో 4 చూడండి.

పెంకుపురుగుల_పంతులు

శెభాష్, ప్రాక్టికల్‌కి ఫుల్ మార్కులు. ఆ ఒంటి ముల్లు దాని రెండో కాలు కూడా చూశావా? ముళ్ళు అరిగిపోతాయి, విరుగుతాయి, ముఖ్యంగా ఎరువు తవ్వే ముసలి పురుగుల్లో. ఎప్పుడూ రెండు వైపులా చూడాలి. క్లైపియస్ చీలి దవడలు కనపడుతుంటే అది ఓరిక్టిస్సే, నిశ్చింతగా ఉండు.

ఎర్ర వెంట్రుకల కుచ్చున్నవి వేరే జీనస్ కాదు, అవి ఓరిక్టిస్ ఆడవి. ఆ చివరి పలకని పైజిడియం అంటారు, మగదానికి నున్నగా ఉంటుంది, ఆడదానికి వెంట్రుకలు. కొమ్ము పొడుగుని బట్టి ఆడా మగా చెప్పకూడదు, పొట్టి కొమ్ము మగవి కూడా ఉంటాయి, కుచ్చు చూసే చెప్పాలి. పద్నాలుగులో ఐదు ఆడవి దొరికాయంటే ఆ పోగులో గుడ్లు ఉండే ఉంటాయి, రెండు మూడు వారాలకి ఇంకోసారి తిరగేయించు.

ఫొటో 4 కూడా ఓరిక్టిస్ ఉన్న ఉపకుటుంబమే, దాని పేరు డైనాస్టినే. ఓరిక్టిస్ పిల్ల అనుకోవద్దు అని మళ్ళీ చెప్పక్కర్లేదు కదా. ఫిల్లోగ్నేథస్ అయ్యుండొచ్చు, వానాకాలంలో లైట్లకి బాగా వస్తుంది, దాని గ్రబ్బులు వరి వేర్లు తింటాయి. తల ముందు భాగం దగ్గరగా తీసిన ఫొటో లేకుండా దీని మీద సంతకం పెట్టను. జైలోట్రూపిస్ మాత్రం కాదు, దాని మగదానికి తల మీదొకటి, మెడ డిప్ప నుంచి ముందుకి ఇంకోటి, రెండు కొమ్ములూ కొసన చీలి పట్టకారులా ఉంటాయి.

ఇంకా లోతుగా పోవాలనుంటే గిల్బర్ట్ యారో (Arrow) రాసిన ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా సంపుటాలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, కొమ్ము పురుగుల గుంపు 1910 దాంట్లో, పేడ పురుగులు 1931 దాంట్లో. పేర్లు కొన్ని మారిపోయాయి గానీ అవయవాలు పట్టి జీనస్ దాకా తీసుకెళ్ళే మెట్లు ఇప్పటికీ పనికొస్తాయి. ఈసారి శాంపిల్ దాచాలంటే కిరసనాయిల్లో వెయ్యకు, జిగట పట్టి వెంట్రుకలు కనపడవు, చిన్న సీసాలో 70 శాతం ఆల్కహాల్ పోసి లోపల పెన్సిల్‌తో తేదీ, చోటు రాసిన చీటీ వెయ్యి. చీటీ లేని పురుగు చెత్తతో సమానం. జీనస్ తేలింది కాబట్టి మందు సంగతి అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్ళని అడుగు, పచ్చ బూజు మెటారైజియం గురించి ప్రత్యేకంగా అడుగు, అది గ్రబ్బుల్ని చంపుతుంది.

ఉద్దానం_రైతు

సౌండ్ గురించి నాన్సెప్పింది తప్పని ఒప్పుకుంటన్నాను పంతులుగారూ. నిన్న మా గత్తంలో ఒకటి దొరికితే తిప్పి చూసినాను, త్రికోణం నేదు, ముల్లు ఒకటే, మళ్ళీ కీచుమంటనే ఉంది ఎదవది. వదిలేసినాను.

మట్టలకింద_మనిషి

అప్‌డేట్. ఆ ఒంటి ముల్లు దానికి రెండో కాలికి రెండూ ఉన్నాయి, పంతులుగారు చెప్పినట్టే విరిగిందే.

గ్రబ్బుల టెస్ట్ కూడా చేశా. పోగులో మళ్ళీ వెతికితే బతికున్నవి పదకొండు దొరికాయి, అరుగు మీద వదిలితే తొమ్మిది పక్కకి పడి గింజుకున్నాయి, రెండు మాత్రం వెల్లకిలా తిరిగి గబగబా వీపు మీద గోడ వైపు వెళ్ళిపోయాయి. నాన్న కుర్చీలోంచి లేచొచ్చి మరీ చూశారు. ఏం మాట్లాడలేదు. పొద్దున లేచేసరికి పాక దగ్గర రెండు బకెట్లు పెట్టున్నాయి, పాలేరుకి చెప్తున్నారు, "త్రికోణం ఉన్నది ఇందులో, లేనిది అందులో, అందులో కిరసనాయిలు పొయ్యకు".

ఆ వీపు మీద పాకినవి ఇంకా ఒక డబ్బాలో ఎరువేసి ఉంచా. పెద్దవయ్యాక ఫొటో పెడతాను, ఎన్నాళ్ళు పడుతుందో హొనొలులు అన్నయ్యకి తెలిస్తే చెప్పండి.